తాబేళ్లు ఎక్కువ కనిపిస్తే సముద్రం బాగున్నట్టేనా?

నోట్లో గొట్టం, కళ్లకు అద్దం బిగించుకుని లక్షద్వీప్‌లోని అగత్తి దీవిని చుట్టుకున్న లోతు తక్కువ లగూన్‌లో బోర్లా తేలుతున్న పది నిమిషాలకే మొదటి తాబేలు కనిపించింది. దూరంగా ఉన్నప్పుడు పళ్లెమంత అనిపించింది. దగ్గరకు వచ్చేసరికి గంగాళం మూతంత అయింది. నీళ్లలో అద్దం వెనక నుంచి చూస్తే ఏ వస్తువైనా దాదాపు మూడో వంతు పెద్దదిగా కనబడుతుంది. ఆ మేరకు తగ్గించుకున్నా అది పెద్ద తాబేలే. ముందు కాళ్లను డేగ రెక్కల్లా తీరిగ్గా పైకీ కిందికీ ఆడిస్తూ నా పొట్ట కింద నుంచి వెళ్లిపోయింది. తాబేలు నడక అని వెక్కిరించే మన మాట దాన్ని గట్టు మీద చూసినవాళ్లు కట్టింది. నీళ్లలో అది నడవదు, ఎగురుతుంది.

ఆ పూట మొత్తం మీద ఐదు తాబేళ్లను చూశాను. ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టానేమో, అది వేరే సంగతి. పడవ ఎక్కాక ఆ సంబరాన్ని పడవ నడిపే పెద్దాయనతో పంచుకుంటే ఆయన ముఖంలో చలనం లేదు. ఒకప్పుడు ఈ అడుగంతా పచ్చగా గడ్డి ఉండేదట. అదంతా ఈ తాబేళ్లే మేసేశాయట. గడ్డితో పాటు చేపలూ పోయాయట. వల చిరిగిన కోపంలో జాలరి వేసే నింద అనుకుని తల ఊపి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక చదివితే తెలిసింది, ఆయన చెప్పింది పరిశోధకులు ఏళ్ల తరబడి కొలిచి తేల్చిన విషయమేనని.

దీవికి వెళ్లి స్నార్కెలింగ్ చేసే మనలాంటివాళ్ల లెక్క చాలా సులువు. తాబేలు కనిపిస్తే సముద్రం బాగుంది, నక్షత్ర చేప కనిపిస్తే ఇంకా బాగుంది, కనిపించకపోతే పాడైంది. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడాలంటే అగత్తి కంటే మంచి చోటు మన దేశంలో లేదు.

ఆ నీళ్ల సంగతి

లక్షద్వీప్‌లో 36 దీవులు ఉన్నాయి. వాటి నేలంతా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. దీవులను చుట్టుకుని ఉన్న లగూన్లు మాత్రం సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు. అంటే నేలకు నూటముప్పై రెట్లు నీటి చెలక. కొచ్చి నుంచి చిన్న విమానంలో గంటన్నర వెళితే అగత్తి వస్తుంది. దీవి ఒక కొసన రన్‌వే పరుచుకుని ఉంటుంది, దిగేటప్పుడు రెండు కిటికీల్లోనూ సముద్రమే. అనుమతి పత్రం లేనిదే మన దేశస్థులకైనా ప్రవేశం లేదు. అండమాన్‌లో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) బజారుకు వెళితే ఎక్కడో ఒకచోట తెలుగు చెవిన పడుతుంది. ఇక్కడ జెసరి అనే మలయాళపు యాసే.

లగూన్ అంటే పగడపు దిబ్బ వలయం లోపల నిలిచిన, లోతు తక్కువ సముద్రం. అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడాలు అంతే మెల్లగా పైకి పెరుగుతూ వలయంగా మిగులుతాయని 1842లోనే డార్విన్ చెప్పాడు. బయటి అలల బలమంతా ఆ వలయం మీదే విరిగిపోతుంది. లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. అడుగున తెల్లటి ఇసుక, మధ్యమధ్య పగడపు బండలు. ఎండ నేరుగా అడుగు దాకా దిగుతుంది కాబట్టి అక్కడ గడ్డి మొలుస్తుంది.

ఈ గడ్డి నాచు కాదు. నాచుకు వేరు ఉండదు, పువ్వు ఉండదు. సముద్రపు గడ్డికి రెండూ ఉన్నాయి. ఎప్పుడో నేల మీద పెరిగి, మళ్లీ నీళ్లలోకి దిగిపోయిన మొక్కల సంతతి ఇది. పొలం గట్టున గరికను చూడండి, నేల లోపలే కాండం పాకించుకుంటూ కణుపు కణుపుకూ వేరు, ఆకు తొడుగుతుంది కదా, సముద్రపు గడ్డిదీ అదే పద్ధతి. ఆ వేళ్ల అల్లికే ఇసుకను పట్టి ఉంచుతుంది. ఆకుల మధ్య చేప పిల్లలు దాక్కుంటాయి. నీళ్లు తేటపడతాయి. వేళ్ల కింద బురదలో కర్బనం పేరుకుని ఉంటుంది.

మేత ఎక్కడో తాబేలు అక్కడ

తెలుగువాళ్లకు తెలిసిన సముద్ర తాబేలు ఆలివ్ రిడ్లే. శీతాకాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది, ట్రాలర్ వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు పత్రికల్లో ఫొటోగా వచ్చేది అదే. రొయ్యలు, పీతలు, జెల్లీ చేపలు దాని తిండి. అందుకే గడ్డి మేసే సముద్ర తాబేలు అంటే మనకు కొంచెం విడ్డూరంగా ఉంటుంది. అగత్తిలో నేను చూసినవి పచ్చ తాబేళ్లు. పేరు చూసి చిప్ప పచ్చగా ఉంటుందనుకోకండి, అది గోధుమ, ఆలివ్ రంగుల కలగలుపు. పచ్చనిది లోపలి కొవ్వు. ఆ సంగతి పేరు పెట్టినవాళ్లకు ఎలా తెలిసిందో చెప్పనక్కరలేదు, కోసుకుని తిన్నారు.

చిన్నప్పుడు ఇది నడిసంద్రంలో తేలుతూ దొరికిందల్లా తింటుంది. కొంచెం ఎదిగాక తీరానికి చేరి దాదాపు పూర్తి శాకాహారి అయిపోతుంది. దవడ అంచు రంపంలా ఉంటుంది, గడ్డిని తెంపడానికి. అదే నీళ్లలో కనిపించే ఇంకో తాబేలు, గద్ద ముక్కుది, స్పాంజిలు తింటుంది. పగడాల సందుల్లో మూతి దూర్చడానికి వీలుగా దాని ముక్కు కోసుగా ఉంటుంది, చిప్ప మీది పలకలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. తాబేటి చిప్ప దువ్వెనలూ కళ్లజోళ్ల చట్రాలూ తయారైంది ఈ పలకల నుంచే, ఆ జాతి ప్రాణం మీదికి వచ్చిందీ వాటివల్లే. రెండింటినీ నీళ్లలో విడదీసి చెప్పాలంటే కళ్ల మధ్య చూడాలి. పచ్చ తాబేలుకు అక్కడ ఒక జత పొలుసులు, గద్ద ముక్కుదానికి రెండు జతలు.

కాబట్టి పచ్చ తాబేలును వెతకడమంటే మేతను వెతకడమే. పోటు ఎక్కినప్పుడు లోతు తక్కువ గడ్డి మీదికి వస్తుంది, పాటు తీసినప్పుడు లోతుకు జారుకుంటుంది. మేస్తూ నాలుగైదు నిమిషాలకోసారి పైకి వచ్చి తల బయట పెడుతుంది. ఊపిరితిత్తుల గాలి మొత్తం ఒకటి రెండు సెకన్లలో మార్చేసుకుని మళ్లీ మునుగుతుంది. బండ కింద నిద్రపోతుంటే గంటల తరబడి పైకి రాకపోవచ్చు. కొత్తవాళ్లం చేసే పొరపాటు ఇక్కడే. కనిపించగానే సరిగ్గా దాని నెత్తిన చేరి తేలుతూ ఉంటాం. దానికి గాలి కావాల్సిన దారి అదే. మనం కదలకుండా ఉన్నామంటే అది పైకి రాలేక ఇంకాస్త దూరం ఈదాలి. నలుగురు మనుషులు నాలుగు పక్కలా తేలితే ఏమవుతుందో ఊహించుకోండి.

బీడు కరిగిపోయిన కథ

2000 తర్వాతి మొదటి దశాబ్దంలో అగత్తి లగూన్‌లో పచ్చ తాబేళ్లు బాగా గుమిగూడాయి. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన రోహన్ ఆర్థర్, ఆయన సహచరులు ఆ గడ్డిని గమనించడం మొదలుపెట్టారు. వాళ్ల పద్ధతి చాలా సాదా. గడ్డిలో కొంత మేర తాబేలు దూరకుండా పంజరాల్లాంటివి బిగించారు. లోపలి గడ్డినీ బయటి గడ్డినీ కొన్నాళ్లు పోల్చి చూశారు. లోపల ఆకు పొడుగు సాగింది. బయట పొట్టిగా, పలచగా మిగిలింది. నీళ్లు కలుషితమైతేనో ఎండ వేడికో గడ్డి పోతుంటే లోపలిదీ పోవాలి కదా. మేపరి ఎవరో తేలిపోయింది.

పచ్చ తాబేలు మేతలో ఒక తెలివి ఉంది. ఒకసారి మేసిన చోటికే మళ్లీ మళ్లీ వస్తుంది. కొరికిన ఆకు స్థానంలో వచ్చే లేత చిగురులో పీచు తక్కువ, పోషకం ఎక్కువ. మనవాళ్లు ఎండాకాలం బీడుకు నిప్పు పెట్టి, తొలకరికి వచ్చే లేతగడ్డి మీదికి పశువులను తోలేవాళ్లు చూడండి, దాదాపు అదే లెక్క. తాబేలు తన మడిని తనే సాగు చేసుకుంటుంది. నాలుగు తాబేళ్లున్నంత కాలం ఈ సాగు చక్కగా సాగుతుంది. నలభై చేరాయంటే చిగురు ఎదిగే వ్యవధి ఉండదు. మొక్క తన వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం తీసి మళ్లీ ఆకు వేస్తుంది, అదీ పోతుంది, మళ్లీ వేస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. అగత్తిలో ముందుగా నిదానంగా పెరిగే గడ్డి జాతి వెనక్కి తగ్గి, త్వరగా పెరిగే జాతి దాని చోటు ఆక్రమించింది. తర్వాత అదీ నిలవలేదు.

మేత అయిపోతే పశువు ఏం చేస్తుంది? పక్క ఊరికి పోతుంది. తాబేళ్లూ అంతే చేశాయి. అగత్తి తర్వాత కవరత్తి, కడమత్ లాంటి దీవుల లగూన్లలోనూ ఇదే వరస కనిపించింది. 2021లో ఈ బృందం ప్రచురించిన అధ్యయనం ఒక ద్వీపం తర్వాత ఇంకో ద్వీపంగా గడ్డి మైదానాలు ఎలా పనికిరాకుండా పోయాయో చూపించింది. గడ్డి పూర్తిగా మాయమైందని దీని అర్థం కాదు. అక్కడక్కడా పోచలున్నాయి. కానీ చేప పిల్లకు నీడ, ఇసుకకు పట్టు, నీళ్లకు వడపోత లాంటి పనులేవీ చేయలేనంతగా తగ్గిపోయింది. ఊళ్లో బడి భవనం ఉండి పిల్లలూ పంతులూ లేకపోతే అది బడి అవుతుందా?

ఇక పెద్దాయన కోపం సంగతి. లక్షద్వీప్ బతుకంతా ట్యూనా మీద ఉంది. అక్కడ పెద్ద వలలతో ఊడ్చేయరు. పడవ వెనక భాగాన వరసగా నిలబడి గాలపు కర్రలతో ఒక్కో చేపనూ లాగి వెనక్కి విసురుతారు. చూడాల్సిన దృశ్యం అది. సముద్రానికి అతి తక్కువ హాని చేసే పద్ధతుల్లో ఇదొకటి. అయితే ట్యూనా మందను పడవ దగ్గరకు రప్పించాలంటే బతికున్న చిన్న చేపలను ఎరగా చల్లాలి. ఆ ఎర దొరికేది లగూన్లలో. దీనికి తోడు తుఫాను రోజుల్లో బయటి సముద్రంలోకి వెళ్లలేనప్పుడు కూర వండుకునే చేప కూడా లగూన్‌దే. బాగా మేసేసిన గడ్డిలో చేపలు తక్కువగా ఉన్నాయని కొలతల్లోనూ తేలింది. అంటే జాలరి కళ్లూ శాస్త్రవేత్త కొలబద్దా ఒకే మాట చెప్పాయి. నేను మాత్రం పడవలో కూర్చుని తల ఊపి ఊరుకున్నాను.

మరి తప్పు ఎవరిది?

తాబేలుదని చెప్పడం తేలికే, కానీ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సముద్ర తాబేళ్లన్నీ మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి ఉన్నచోటే. అంతకుముందు లక్షద్వీప్‌లో తాబేలు కొవ్వును చెక్క పడవలకు పూసేవారు, నీళ్లు ఊరకుండా. చట్టం వచ్చింది, యంత్రాల పడవలు వచ్చాయి, వేట తగ్గింది. పచ్చ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. లెక్క వేసుకోండి. 70లలో, 80లలో రక్షణ దొరికిన పిల్లలు పెద్దవై మేతకు దిగేది సరిగ్గా ఈ శతాబ్దం మొదట్లోనే. ప్రపంచమంతటా ఇదే ధోరణి. 1970ల నుంచి చూస్తే పచ్చ తాబేళ్ల సంఖ్య సుమారు 28 శాతం పెరిగిందని అంచనా. 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల వర్గం నుంచి తీసి, ఆందోళన అక్కరలేని వర్గంలోకి చేర్చింది. అర్ధ శతాబ్దపు శ్రమ ఫలించిన అరుదైన సందర్భం.

అయితే ఇల్లలకగానే పండగ కాదు. తాబేలును మాత్రం కాపాడాం. తాబేలును వేటాడే పెద్ద సొరచేపలను చాలాచోట్ల రెక్కల కోసం, మాంసం కోసం పట్టేశాం. పడమటి ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో టైగర్ షార్క్‌లు ఇంకా పుష్కలంగా ఉన్నాయి. అక్కడ తాబేళ్లు ఇష్టం వచ్చినచోట ఇష్టం వచ్చినంతసేపు మేయలేవు. మంచి గడ్డి ఉన్నా పారిపోయే దారి లేకపోతే ఆరోగ్యంగా ఉన్న తాబేలు అటు పోదు. సొర చంపేది కొన్నింటినే, దాని భయం మాత్రం అన్నింటినీ కదిలిస్తూ ఉంటుంది. ఆ కదలికే గడ్డికి ఊపిరి తీసుకునే సమయం. భయం లేని బీడులో పశువు కదలదు. ఇండోనేషియాలోని డెరవాన్ దీవిలో, అట్లాంటిక్‌లోని బెర్ముడాలో కూడా రక్షణలో ఉన్న తాబేళ్లే గడ్డిని తరిగించేశాయి. డెరవాన్‌లోనైతే ఆకులు చాలక కింది కాండాన్ని సైతం తవ్వుకుని తిన్నాయి. పైరు మేయడం వేరు, విత్తనాలు బొక్కేయడం వేరు.

దీనికి ఎదురువాదం ఉంది, బలమైనదే. కొలంబస్ రోజుల్లో కరీబియన్ సముద్రంలో పచ్చ తాబేళ్లు కోట్లలో ఉండేవని చరిత్ర పత్రాల ఆధారంగా కొందరు అంచనా కట్టారు. అన్ని తాబేళ్లున్నప్పుడు అక్కడి గడ్డి ఎప్పుడూ పొట్టిగా, దువ్వినట్టు ఉండి ఉండాలి. మోకాలెత్తు పెరిగి ఊగే గడ్డిని చూసి మనం ప్రకృతి అంటే ఇదే అనుకుంటున్నాం కానీ, అది తాబేళ్లను తినేసిన తర్వాతి దృశ్యం కావచ్చు. డేనియల్ పౌలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో ఈ జబ్బును పట్టుకున్నాడు. ప్రతి తరమూ తాను చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే అసలైనదిగా తీసుకుని అక్కడి నుంచి తరుగుదల లెక్కిస్తుందని ఆయన చెప్పింది. ఊరి చెరువు విషయంలో మన తాతలకూ మనకూ కుదరని మాట ఇలాంటిదే.

నాకు ఈ వాదం సగమే నచ్చింది. పాత రోజుల్లో తాబేళ్లు ఎక్కువ ఉన్నమాట నిజమే అయినా, వాటితో పాటు సొరలూ ఉన్నాయి, మేయడానికి ఎన్నో రెట్లు విశాలమైన గడ్డి ఉంది. ఇప్పుడు తీరాల్లో పూడికలకూ మురుగుకూ సముద్రపు గడ్డి ప్రపంచమంతా తగ్గుతోంది. బీడు కుదించి మందను పెంచి, పాత కాలంలోనూ మంద ఇంతే ఉండేది అంటే ఎలా?

నక్షత్రాలను లెక్కపెట్టడం

తాబేలు విషయంలో మనకున్న భ్రమ నక్షత్ర చేప దగ్గర ఇంకో రూపంలో ఉంటుంది. ముందు పేరే తప్పు, అది చేప కాదు. వెన్నెముక లేదు, మెదడు లేదు, నెత్తురు లేదు. ఒంట్లో పారేది ఇంచుమించు సముద్రపు నీరే. వీపు మీద కాస్త పక్కగా జల్లెడలాంటి చిన్న చుక్క ఉంటుంది, నీళ్లు అందులోంచి లోపలికి వెళ్లి ఐదు చేతుల్లోని కాలువలను నింపుతాయి. ఆ నీటి ఒత్తిడితోనే చేతుల అడుగున వందల కొద్దీ గొట్టపు పాదాలు సాగుతాయి, ముడుచుకుంటాయి.

పాటు సమయంలో మోకాలి లోతు నీళ్లలో ఒకటి తలకిందులుగా పడి ఉండటం చూశాను. అల దొర్లించి ఉంటుంది. నోరు పైకి, పాదాలు గాల్లో తడుముకుంటున్నట్టు నీళ్లలో ఊగుతున్నాయి. ముందు రెండు చేతుల కొసలు మెల్లగా మెలితిరిగి ఇసుకను అందుకున్నాయి. ఆ రెండింటి పాదాలూ పట్టు బిగించాయి. మిగిలిన ఒళ్లంతా నెమ్మదిగా వంపు తిరిగి, అట్టు పెనం మీద తిరగబడినట్టు, బోర్లా పడింది. నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఇంత పనికీ ఆజ్ఞ ఇచ్చిన మెదడు లేదు. ప్రతి చేతి కొసన ఒక చిన్న కన్ను మాత్రం ఉంటుంది. నీలి నక్షత్రం మీద 2014లో ప్రచురితమైన ప్రయోగంలో ఆ కళ్లను తొలగిస్తే అది తన పగడపు దిబ్బ ఎటు ఉందో తెలియక దారి తప్పింది. మసకగా పెద్ద నల్లటి ఆకారం కనబడితే చాలు, ఇల్లు అటే అని గుర్తు పడుతుందన్నమాట.

ఇంత ముచ్చటైన జీవి ఎన్ని ఉంటే అంత మంచిది కదా? ఇక్కడే రెండు కథలు ఎదురెదురుగా నిలబడతాయి.

మొదటిది అమెరికా పసిఫిక్ తీరంలోది. 1960లలో రాబర్ట్ పెయిన్ అనే జీవశాస్త్రవేత్త వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బండ మీదున్న నక్షత్ర చేపలను ఊడబీకి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్క బండను అలాగే వదిలేశాడు. నక్షత్రాలు లేని బండ మీద ఆల్చిప్పలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగి, మిగతా జీవులకు చోటు లేకుండా చేశాయి. పదిహేను జాతులున్న చోట ఎనిమిదే మిగిలాయి. కమాను మధ్యలో బిగించే రాయి తీసేస్తే కమాను కూలుతుంది. అలాంటి జీవి ఇది అని ఆయన 1969లో దానికి కీస్టోన్ జాతి అని పేరు పెట్టాడు. ఆ ఆలోచన పర్యావరణ శాస్త్రాన్నే మార్చేసింది.

రెండోది ముళ్ల కిరీటం. ఇదీ నక్షత్ర చేపే, కాకపోతే ఇరవై దాకా చేతులు, ఒళ్లంతా విషపు ముళ్లు. హిందూ మహాసముద్రంలో ఉంది, లక్షద్వీప్‌లోనూ ఉంది. పగడం మీదికి ఎక్కి తన కడుపును నోట్లోంచి బయటకు తీసి పరిచేస్తుంది, అక్కడికక్కడే జీర్ణం చేసుకుని కడుపు లోపలికి లాక్కుని వెళ్లిపోతుంది. దిగిపోయిన చోట పగడం సున్నపు తెలుపుగా, మచ్చలా మిగులుతుంది. ఒక్కోటి ఏడాదికి ఐదు నుంచి పది చదరపు మీటర్ల పగడాన్ని తినగలదు. తక్కువగా ఉన్నప్పుడు ఇది కూడా మేలే చేస్తుంది. త్వరగా పెరిగే పగడాలను తిని, నిదానంగా పెరిగేవాటికి చోటిస్తుంది. మందగా విరుచుకుపడితే దిబ్బ మొత్తం బోడిగా మిగులుతుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 1960ల నుంచి ఇలాంటి దాడులు విడతలు విడతలుగా జరుగుతూనే ఉన్నాయి. ముక్కలు చేస్తే చావదేమోనని అక్కడి గజ ఈతగాళ్లు ఒక్కోదానికీ సూదితో మందు ఎక్కిస్తారు. వంటింటి వెనిగర్ కూడా ఆ పనికి సరిపోతుందని 2015లో తేల్చారు.

దాడులు ఎందుకు వస్తాయన్నది ఇంకా పూర్తిగా విడని ముడి. పొలాల ఎరువులు నదుల ద్వారా సముద్రంలో కలిసి, వీటి లార్వాలు తినే సూక్ష్మ నాచు పెరగడం ఒక వివరణ. పెద్ద శంఖు నత్తలాంటి శత్రువులను మనం అలంకారం కోసం ఏరుకుపోవడం ఇంకొకటి. పైగా దీని పిల్లలు పగడం దొరికేదాకా రాళ్ల మీది నాచు పొర తింటూ ఏళ్ల తరబడి చిన్నగానే ఉండి కాచుకోగలవు. కాబట్టి అకస్మాత్తుగా వచ్చిపడినట్టు కనిపించే మంద, ఎప్పటి నుంచో అక్కడే పొంచి ఉన్నది కావచ్చు.

అగత్తి నీళ్లలో నేను చూసిన తెల్లటి పగడాలకు మాత్రం ముళ్ల కిరీటాన్ని నిందించలేను. 1998, 2010, 2016, మళ్లీ 2024లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున పాలిపోయాయి. గత పాతికేళ్లలో బతికున్న పగడపు విస్తీర్ణం ఇంచుమించు సగానికి తగ్గింది. వలయం బలహీనపడితే అల లోపలికి వస్తుంది. లోపల ఇసుకను పట్టి ఉంచే గడ్డీ లేదు. రెండు నష్టాలూ వేర్వేరు కారణాల వల్ల మొదలై ఒకే ఒడ్డు దగ్గర కలుస్తున్నాయి. సముద్రానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న దీవికి ఇది చిన్న సంగతి కాదు.

నీళ్లలోకి దిగాక

ఇకపై తాబేలు కనిపిస్తే దాన్ని చూసిన తర్వాత ఒక్కసారి దాని కిందున్న నేలను చూడండి. గడ్డి ఉందా? ఆకు కొస సహజంగా గుండ్రంగా ఉందా, కత్తెరతో కోసినట్టు తెగి ఉందా? ఇసుకలోంచి వేళ్లు బయటపడి తాళ్లలా వేలాడుతున్నాయా? ఒక తాబేలు ఒక చోట మేస్తూ కదలకుండా ఉందా, తిరుగుతూ వెతుక్కుంటోందా? నక్షత్ర చేప కనిపిస్తే దాని చుట్టూ తెల్లటి మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఫొటో కోసం దాన్ని పైకి ఎత్తి పట్టుకోవద్దు. ఐదు సెకన్లలో చచ్చిపోతుందని ఇంటర్నెట్‌లో తిరిగే మాట అతిశయోక్తే, పాటు వేళ గంటల తరబడి నీళ్లు లేకుండా బండ మీద ఓర్చుకునే జాతులున్నాయి. అయినా పట్టు బిగించిన దాన్ని లాగితే పాదాలు తెగి రాయికే అంటుకుపోతాయి, ఎప్పుడూ నీళ్లలోనే ఉండేది గాల్లో ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ ఫొటో ఎవరికీ అవసరం లేదు.

తాబేలు ఫొటో మాత్రం నిజంగా పనికొస్తుంది, దూరం నుంచి, పక్కగా, చెంప కనిపించేలా తీస్తే. చెంప మీది పొలుసుల అమరిక మన వేలిముద్రలా ఏ రెండింటికీ కలవదు, కుడి చెంపకూ ఎడమ చెంపకూ కూడా వేరు. పర్యాటకుల ఫొటోలను పోల్చి ఫలానా తాబేలు ఎన్నేళ్లుగా ఇక్కడే మేస్తోందో చెప్పే పరిశోధకులు చాలా దేశాల్లో ఉన్నారు. నేను ఐదు చూశానా నాలుగే చూశానా అన్న నా అనుమానం కూడా అలాగే తీరింది. ఇంటికి వచ్చి ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే రెండో తాబేలు, నాలుగో తాబేలు ఒకటే.

చివరి రోజు పొద్దున పడవ అక్కరలేకుండా ఒడ్డు నుంచే ఈదుకుంటూ వెళ్లాను. రెండు పగడపు బండల మధ్య జానెడు సందు కనిపించింది, పెద్ద తాబేలు తల పట్టనంత ఇరుకు. చుట్టూ ఇసుక బోడిగా ఉంది. ఆ సందులో మాత్రం గడ్డి ఎవరూ కొరకని కొసలతో, అల వచ్చినప్పుడల్లా అటూ ఇటూ వాలుతూ ఉంది. వేలెడంత చేప పిల్లలు ఏడెనిమిది ఆ ఆకుల మధ్య దూరి ఉన్నాయి. నా నీడ పడగానే లోపలికి ఒదిగాయి, పక్కకు జరగగానే మళ్లీ బయటకు వచ్చాయి.